నలుగు డబ్బాలో తడి చెయ్యి

మొన్న ఏలూరులో ఒక షాపుకి వెళ్ళాను. చలికాలం వస్తే నా కాళ్ళు పగుళ్ళిస్తాయి, రాసుకోవడానికి లోషను కావాలి. సేల్స్ అమ్మాయి ఎంతో మర్యాదగా ఒక సీసా నా చేతిలో పెట్టి, "ఇది తీసుకోండి మేడం, ఇందులో ప్రిజర్వేటివ్‌లు ఏమీ ఉండవండీ" అంది. నేను సీసా తిప్పి వెనకాల చదివి, మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టేసి, "అవి ఉన్నది ఇవ్వమ్మా" అన్నాను. ఎలుకల మందు అడిగినదాన్ని చూసినట్టు చూసింది నన్ను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, పాపం ఆమెకేం తెలుసు. ఆ మాట ఆమె నోట పెట్టినవాళ్ళ మీద. రిటైరైతే కోపాలు తగ్గుతాయని మా ఆయన ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, ఆఫీసులో పంచిపెట్టే కోపమంతా ఇప్పుడు ఆయనకొక్కరికే దక్కుతోంది. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఫోనులో వీడియోలు చూసి, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో భయపడాల్సిన పేర్లు వెతికే పిల్లలూ, ఇది మీకోసం. కాస్త ఓపిక పట్టండి.

నేను పనిచేసింది తాడేపల్లిగూడెం నుంచి నల్లజర్ల వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న కంపెనీలో. తలనూనెలు, షాంపూలు, ఒంటికి రాసుకునే క్రీములు, పసిపిల్లల సరుకులు చేసేవాళ్ళం. ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్ళి వచ్చేదాన్ని. నాది మైక్రోబయాలజీ ల్యాబు. బయటికి వెళ్ళే ప్రతి సరుకులోనూ క్రిములు ఉన్నాయా, ఉంటే ఎన్ని, ఏ రకం అని చూడటం నా పని. బంధువుల పెళ్ళిళ్ళలో నన్ను "క్రిముల మేడం" అని పరిచయం చేసేవారు. భోజనాల దగ్గర నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పచ్చు. నీళ్ళున్నచోట క్రిములు బతుకుతాయి. పొడి పిండిలో, వట్టి నూనెలో వాటి ఆటలు పెద్దగా సాగవు. క్రీము అంటే నీళ్ళూ నూనే కలిపి గిలక్కొట్టినది. అందులో వాటికి కావలసిన తిండి ఉంటుంది, తాగడానికి నీళ్ళుంటాయి. మూత తీసిన ప్రతిసారీ గాలి, వేలు పెట్టిన ప్రతిసారీ ఆ వేలి మీది క్రిములు లోపలికి వెళతాయి. అలా వెళ్ళినవాటిని చంపడానికి చిటికెడంటే చిటికెడు మందు కలుపుతారు. ప్రిజర్వేటివ్ అంటే అంతే. డబ్బాకి కాపలా అనుకోండి.

అవన్నీ దేవుళ్ళని నేననను. కొన్ని కొందరి ఒంటికి పడవు, దురద పెడతాయి, దద్దుర్లు తెస్తాయి. ఒకదాన్ని ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లోంచి తీసేయించడానికి నేనే మా కంపెనీలో ఏడాది పోట్లాడాను. కడిగేసుకునే షాంపూలో పరవాలేనిది, చర్మం మీద రోజంతా ఉండేదాంట్లో పనికిరాకపోవచ్చు. ఎంత కలపాలో, ఎక్కడ కలపాలో రూలుంది, చదువుకున్నవాళ్ళు చూసి పెట్టారు. దాన్ని మార్చమని అడగండి, ఇంకా మెత్తనిది కనిపెట్టమని అడగండి. అసలు కాపలాయే వద్దు అనడం మాత్రం వేరే సంగతి.

ఇక మా మనుషుల సంగతి. ఓనరు గారు రైసుమిల్లుల కుటుంబం నుంచి ఈ వ్యాపారంలోకి వచ్చినవారు. మంచి మనిషి. ఎవరు చెప్పినా శ్రద్ధగా వినేవారు, ఆఖరున ఎవరు చెబితే అదే చేసేవారు. కాబట్టి మీటింగు నుంచి ఆఖరున లేచేది ఎవరన్నదే మా అందరి పోటీ. ఫార్ములాలు తయారుచేసే కెమిస్టు గారిది కామవరపుకోట. నాకంటే సీనియరు. మధ్యాహ్నం క్యారేజీలో ఇంటి ఆవకాయ ఒక చిన్న జాడీలో తెచ్చి మా అందరికీ వడ్డించేవారు. కానీ జాడీలో చెంచా ఆయనే పెట్టాలి. ఒకసారి నేను కడిగిన చెంచా తుడవకుండా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "తడి, మేడం, తడి. రేపటికి బూజు పట్టేస్తుందండీ" అని నాకే పాఠం చెప్పారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కరోనా సర్దుమణిగాక ఓనరు గారి అల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి మార్కెటింగు చేతిలోకి తీసుకున్నారు. నవ్వు మొహం, మంచి ఇంగ్లీషు. వచ్చిన కొత్తలోనే ఒక మీటింగు పెట్టారు.

"మన అమ్మమ్మల నలుగు అండీ. పసిపాపలకి. ఈ రోజుల్లో పిండి కలుపుకునే తీరిక ఎవరికుందండీ? మనమే మెత్తగా కలిపి డబ్బాలో పెట్టి ఇద్దాం. మూత తియ్యాలి, రాయాలి, అంతే. డబ్బా మీద పెద్దక్షరాల్లో 'ప్రిజర్వేటివ్‌లు లేవు' అని వేద్దాం. అసలు మన అమ్మమ్మలు ఏ కెమికల్ కలిపారండీ?"

అందరూ తలలూపారు. ఓనరు గారు అందరికంటే ముందు ఊపారు.

"కలపలేదండీ" అన్నాను నేను. "వాళ్ళు నలుగుని తడిపి దాచలేదు కూడానండీ."

మీలో ఎంతమంది ఇళ్ళలో ఇప్పుడు సున్నిపిండి ఉందో నాకు తెలియదు. పెసలు, శనగలు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు ఎండబెట్టి, మరపట్టించి డబ్బాలో పోసుకుంటారు. ఆ డబ్బా ఎప్పుడూ పొడిగా ఉంటుంది. స్నానానికి ముందు ఆ పూటకి కావలసినంత గిన్నెలోకి తీసుకుని, నీళ్ళతోనో మీగడతోనో కలుపుతారు. మిగిలితే దాచరు. మా అత్తగారు ఆ మిగిలింది కరివేపాకు మొదట్లో పారబోసేవారు. "రేపటికి ఉంచుకోవచ్చు కదండీ అత్తయ్యా" అని కొత్తలో ఒకసారి అడిగాను. "నలుగు మిగల్చకూడదే, అంతే" అన్నారు. కారణం ఆవిడకి తెలియదు, అడిగితే శాస్త్రం అనేవారు. నేను ఎమ్మెస్సీ చదివి తెలుసుకున్నదీ అదే. తడిపిన పెసరపిండి ఒక పూట దాటితే ఏమవుతుందో దోసెల పిండి రుబ్బుకునే ప్రతి ఇంట్లోనూ తెలుసు.

అదంతా ఆ మీటింగులో చెప్పాను. పొడిగానే అమ్ముదాం, చిన్న పొట్లాలు కట్టి ఇద్దాం, ఏ మందూ అక్కర్లేదు అన్నాను. లేదూ తడిదే కావాలంటే మందు కలపక తప్పదన్నాను. అల్లుడు గారు నవ్వి, "మేడం గారు సైన్సు మాట్లాడుతున్నారండీ, మనం సెంటిమెంటు మాట్లాడాలి" అన్నారు. పైగా ఆఖరున లేచారు.

తయారైన నలుగు క్రీముకి నేను పరీక్ష పెట్టాను. మేము కావాలనే క్రీములోకి క్రిముల్ని వదిలి, నెల్లాళ్ళపాటు మధ్యమధ్య తీసి చూస్తాం. కాపలా ఉన్న క్రీములో అవి చచ్చిపోతాయి. నలుగు క్రీములో అవి పుట్టింటికి వచ్చినట్టు కూర్చున్నాయి. రోజురోజుకీ సంతానం పెరిగింది. కెమిస్టు గారు వేపాకు కషాయం, నిమ్మనూనె కలిపి చూశారు. లాభం లేదు. పరీక్షలో తప్పింది, ఈ సరుకు బయటికి వెళ్ళకూడదు అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

నా సంతకం అక్కర్లేని దారి వాళ్ళకు దొరికింది. అప్పుడే చేసిన తాజా డబ్బా ఒకటి బయటి ల్యాబుకి పంపించి, "ఇందులో ఇప్పుడు క్రిములున్నాయా" అని మాత్రం అడిగారు. ఉండవు కదా. వేడి చేసి, కలిపి, మూత బిగించిన గంటలో ఏముంటాయి? ల్యాబువాళ్ళు అడిగినదానికి జవాబిచ్చారు, లేవన్నారు. ఆ కాగితం పెట్టుకుని, సరుకు బయటికి పంపే ఫారం మీద క్వాలిటీ గడిలో నా బదులు కెమిస్టు గారి చేత సంతకం చేయించి సరుకు వదిలేశారు. గేటులోంచి వ్యాను వెళుతుంటే చూసి నేను తెలుసుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఆవకాయ జాడీ మూత తీస్తుంటే ఉండబట్టలేకపోయాను.

"తడి చెంచా పెడితే ఇల్లు పీకి పందిరేస్తారు కదండీ మీరు. అందులో ఉప్పుంది, కారముంది, ఆవపిండి ఉంది, పైన బెత్తెడు నూనె ఉంది. ఏమీ లేని నలుగు డబ్బాకి సంతకం ఎలా పెట్టారండీ?"

ఆయన అన్నం కలుపుతూ నీళ్ళు నమిలారు. "ఫ్రిజ్‌లో పెట్టుకోమని లేబులు మీద వేయిస్తానన్నారు మేడం" అన్నారు. వేయించలేదు. వేయించినా, చంటిపిల్లకి ఫ్రిజ్‌లోంచి తీసిన నలుగు ఏ తల్లి రాస్తుంది? నేను క్యారేజీ మూసేసి లేచిపోయాను. ఆ తరవాత చాలాకాలం ఆ ఆవకాయ నేను ముట్టలేదు.

సరుకు బాగా పోయింది. డబ్బా మీద ముక్కుపుడక పెట్టుకుని నవ్వుతున్న ముసలావిడ బొమ్మ, పక్కన ఆకుపచ్చ ఆకు. పురిటి ఇళ్ళకి కానుకలుగా కూడా కొనుక్కెళ్ళారు.

కొన్నాళ్ళకి ల్యాబులో ఫోను మోగింది. సేల్సువాళ్ళు ఎత్తకపోతే ఆపరేటరు నాకు కలిపింది. అవతల కుర్రాడి గొంతు, పెదపాడు అవతల చేపల చెరువులు చూసుకుంటాడట. "మేడంగారూ, డబ్బా మీద ఈ నంబరే ఉందండీ. మా పాపకి ఒళ్ళంతా చీముపొక్కులు లేచాయండీ. కన్ను వాచిపోయి తెరవట్లేదండీ. ఏలూరు ఆసుపత్రిలో పెట్టామండీ. డాక్టరు గారు ఇందులో ఏం కలుపుతారో కనుక్కోమన్నారండీ." పాపకి మూడో నెల.

ఏం కలుపుతామని చెప్పను? కలపనిదే కారణమని ఫోనులో ఎలా చెప్పను?

మర్నాడు బండి ఎక్కకుండా ఆటో మాట్లాడుకుని పెదపాడు వైపు వెళ్ళాను. రెండు పక్కలా చెరువులు, మధ్యలో గట్టు, గట్టు చివర వాళ్ళ ఇల్లు. తల్లీతండ్రీ ఆసుపత్రిలో ఉన్నారు. ఇంట్లో పాప నాయనమ్మ ఒక్కతే ఉంది. నేను కంపెనీ నుంచని చెబితే కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

స్నానాలగదిలో నీళ్ళ డ్రమ్ము పక్క గూట్లో డబ్బా ఉంది. మూత తీసి చూశాను. అంచుల దగ్గర కొంచెం ఆకుపచ్చ రంగు. అదో రకం తియ్యటి వాసన. నాకు ఆ వాసన తెలుసు. ల్యాబులో ముప్పై ఏళ్ళు పీల్చాను.

"ఎలా రాసేవారమ్మా?" అని అడిగాను.

ఆవిడ అక్కడే పీట వేసుకుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద పాప ఉన్నట్టే చేసి చూపించింది. "ముందు నూనె రాసి, ఒళ్ళు తడిపి, ఇదిగోండి, ఇలా వేళ్ళతో తీసి రాసేదాన్నండీ. మొన్న పాప గోరు తగిలి కంటి కింద గీరుకుంది. ఆ చుట్టూరా మెత్తగా రుద్దానండీ, పసుపు ఉంటుంది కదా, మానిపోద్దని."

"తడి చేత్తోనేనా అమ్మా తీసేది?"

"నీళ్ళు పోసే చెయ్యి తడిగా కాక ఎలా ఉంటుందండీ?" అంది ఆవిడ. ఎంతో మామూలుగా అడిగింది.

డబ్బా తెచ్చి పరీక్షకి పెట్టాను. తెల్లారి ప్లేటంతా ఆకుపచ్చగా తిరిగింది. తడి చోట్ల పెరిగే క్రిమి అది, మందులకి ఒక పట్టాన లొంగదు, కంట్లో పడితే కంటి నల్లగుడ్డుని కొరుక్కు తింటుంది. ఆసుపత్రిలో పాప కంటినుంచి తీసిన చీములోనూ అదే ఉందని డాక్టరు గారు చెప్పారు. పాపని విజయవాడ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

రిపోర్టు పట్టుకుని ఓనరు గారి గదికి వెళ్ళాను. అల్లుడు గారు, కెమిస్టు గారు అప్పటికే ఉన్నారు. అల్లుడు గారు కంగారుపడలేదు. స్టోరులో మూత తియ్యని డబ్బాలు తెప్పించి నాచేతే పరీక్ష చేయించారు. మూడు రోజులకి మళ్ళీ అదే గదిలో కూర్చునేసరికి, అవన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలింది.

"చూశారాండీ, మన సరుకులో తప్పు లేదు" అన్నారు. "క్రిమి వాళ్ళ బాత్రూములోది. ఆ ముసలావిడ తడి చెయ్యి పెట్టి పాడుచేసుకుంది. కస్టమరు పొరపాటు అని రాసెయ్యండి మేడం. నిజమే కదండీ అది."

నిజమే. దానికే నాకు చిర్రెత్తుకొచ్చింది. అబద్ధం రాయమంటే రాయనని చెప్పి వచ్చేసేదాన్ని. ఆయన నన్ను నిజంలో సగం కోసి రాయమంటున్నారు. క్రిమి ఆవిడ చేతినుంచే వచ్చింది. మనిషన్నాక చేతికి క్రిములుంటాయి, స్నానమన్నాక చెయ్యి తడుస్తుంది. ఆ చెయ్యి వస్తుందని తెలిసే కదా ప్రపంచంలో ప్రతి కంపెనీ కాపలా పెట్టుకుంటుంది! కాపలావాడిని తీసేసి, తలుపు బార్లా తెరిచి, దొంగతనం జరిగితే ఇంటావిడ నిద్రపోయింది కాబట్టి తప్పు ఆవిడదే అంటే ఎలాగండీ?

నేను ఓనరు గారి వైపు తిరిగాను. "ఏవండీ, మీ ఇంట్లో స్నానం పొడి చేత్తో చేస్తారాండీ?"

ఆయన అల్లుడి వైపు చూశారు. అల్లుడు గారు ఏదో అనబోయేలోగా, కెమిస్టు గారు కుర్చీలోంచి లేచారు. "ఆ సంతకం నాదండీ" అన్నారు. "మేడం వద్దని రాసి ఇచ్చాకే పెట్టాను. ఎవరైనా అడిగితే అదే చెబుతానండీ." కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. నా కోపంలో ఆయన వాటా కొంత అప్పుడు తగ్గింది. అంతా తగ్గలేదు.

ఆ రోజు ఆఖరున లేచింది నేను. పూర్తి రిపోర్టు, తప్పిన పరీక్షతో సహా, ఓనరు గారికి ఒకటి, మా లైసెన్సు చూసే డ్రగ్స్ ఆఫీసుకి ఒకటి ఇచ్చాను. విచారణ జరిగింది, అమ్మకం ఆగింది, షాపుల్లో ఉన్న సరుకు వెనక్కి వచ్చింది. డీలర్లకి మాత్రం "ప్యాకింగు మారుస్తున్నాం" అని చెప్పారు. తరవాత అదే నలుగు పొడి పొట్లాల్లో వచ్చింది, బాగానే పోయింది. మొదటి మీటింగులో నేను చెప్పిన పొట్లాలే. ఆ ఆలోచన అల్లుడు గారిదని డీలర్ల సభలో చప్పట్లు కొట్టారు. నేను రిటైరైన రోజు ఒక స్వీటు పెట్టె ఇచ్చి గేటు దాకా సాగనంపారు. కెమిస్టు గారు ఆవకాయ జాడీ ఒకటి ఇచ్చారు. తీసుకున్నాను.

పాప కన్ను పోలేదు. కానీ నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడింది. ఆ కంటితో వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి తెలియదు. పెద్దయ్యాక ఆపరేషను చేస్తే కొంత రావచ్చని విజయవాడ డాక్టర్లు అన్నారట.

నేను ఇంకా కోపంగా ఎందుకున్నానో ఇప్పుడు చెబుతాను. నేను పెదపాడు నుంచి వచ్చి అక్కడ విన్నది ఆఫీసులో చెప్పగానే, ఇంకా రిపోర్టు రాయకముందే, ఓనరు గారి గదిలో మాటలు కాకముందే, అల్లుడు గారు సేల్సు మనిషికి పళ్ళబుట్ట ఇచ్చి ఆసుపత్రికి పంపించారు. అతను పాప తండ్రిని పక్కకి పిలిచి, "సరుకులో ఏమీ లేదండీ, పెద్దావిడ తడి చెయ్యి పెట్టేశారట కదండీ, దానివల్లేనండీ" అని చెప్పి వచ్చాడు. ఆ మాట ఆ సాయంత్రమే గట్టు మీద ఇంటికి చేరింది. సరుకుని వెనక్కి పిలిపించాం. ఆ మాటని ఎవరు వెనక్కి పిలిపిస్తారు?

సంగతి తెలిశాక నేను మళ్ళీ వెళ్ళాను. కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి, నాయనమ్మని పిలిచి, అందరి ముందూ చెప్పాను. "అమ్మా, మీ చెయ్యి తప్పు కాదు. ప్రతి చెయ్యీ అంతే. డబ్బాలో వెయ్యాల్సింది మా వాళ్ళు వెయ్యలేదు." రిపోర్టు చదివి వినిపించాను, మాటమాటకీ అర్థం చెప్పాను. కోడలు ఏడ్చింది. కొడుకు కంపెనీని తిట్టాడు, తిట్టించుకున్నాను. నాయనమ్మ మాత్రం చేతులు చీర కొంగులో చుట్టుకుని నిలబడింది. "మీరు మంచివారండీ. నా బాధ చూడలేక అంటన్నారు" అంది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో అంత నిజమైనది లేదు. ఆవిడ నమ్మలేదు. పళ్ళబుట్టతో వచ్చినవాణ్ణి నమ్మింది. ఎందుకు నమ్మదండీ? పిల్లకి దెబ్బ తగిలితే ముందు తన చేతులే చూసుకునే మనిషి ఆవిడ. అది తెలిసే ఆ మాట అక్కడ నాటి వచ్చారు.

అప్పుడప్పుడు వెళ్ళి చూసి వస్తూంటాను. పోయిన నెలలో వెళ్ళినప్పుడు పాప అంగన్‌వాడీ నుంచి అప్పుడే వచ్చింది. కాళ్ళనిండా చెరువుగట్టు బురద. వస్తూనే తలుపు దగ్గర నిలబడి, బాగున్న కన్ను కనిపించేలా మొహం కాస్త పక్కకి తిప్పి, "నాయనమ్మా, నీళ్ళు పొయ్యి" అంది. కోడలు వంటింట్లోంచి "నేను వస్తున్నానుండు" అని కేక వేసింది. పాప ఒప్పుకోలేదు, నాయనమ్మే పొయ్యాలంది.

ఆవిడ లేచింది. పంపు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఉతికిన తువ్వాలు తెచ్చి ఒక్కొక్క వేలూ, వేళ్ళ సందులూ తుడుచుకుంది. ఆరిన చేతులు రెండూ నా ముందుకి చాపి, "ఇప్పుడు ముట్టుకోవచ్చాండీ?" అని అడిగింది.

సొంత మనవరాలిని ముట్టుకోవడానికి, నన్ను అడిగింది.